మంగతాయి కుండీలో పసుపు గొడుగులు

అనగనగా ఒక అడవిలో ప్రతి ఇంటికీ ఒక గుమ్మం, ప్రతి గుమ్మం లోపలా ఒక కుండీ, ప్రతి కుండీలోనూ ఒక మొక్క ఉండేవి. తలుపులు మాత్రం ఉండేవి కావు. దొంగలు లేకనా అంటే, అదేం కాదు. వచ్చేపోయే వాళ్ళు అంతమంది ఉంటే తలుపు మూసే తీరిక ఎవరికుంటుంది?

అది రాళ్ళ అడవి. ఎండాకాలం వచ్చిందంటే వాగులు ఎండిపోయేవి, ఆకులు మాడిపోయేవి, నక్కకు కూడా అబద్ధమాడే ఓపిక ఉండేది కాదు. అందుకని పూర్వం పెద్దవాళ్ళు ఒక ఆచారం పెట్టారు. ఎవరింటికి ఎవరు వెళ్ళినా, ఇంటివాళ్ళు ఇచ్చిన చెంబులో నీళ్ళు తాము తాగేముందు గుమ్మంలో మొక్కకు కొన్ని పోయాలి. దానికి 'తొలిగుక్క' అని పేరు. తొలిగుక్క పోయని చుట్టం చుట్టం కాదు, పోయనివ్వని ఇల్లు ఇల్లు కాదు అనేవారు. మండుటెండల్లో పుట్టిన ఆచారం కాబట్టి అది మొక్కల ప్రాణం నిలబెట్టింది. వానాకాలంలో ఏం చెయ్యాలో చెప్పడం మాత్రం పెద్దవాళ్ళు మరిచిపోయారు. పెద్దవాళ్ళు కదా, ఎవరూ అడగనూ లేదు.

ఆ అడవిలో అందరికంటే ఎక్కువ చుట్టాలు వచ్చే ఇల్లు ఎలుగుబంటి మంగతాయిది. తన మంచితనం వల్లే వస్తున్నారని ఆవిడ అనుకునేది. మంచితనం సంగతి ఎలా ఉన్నా, అసలు కారణం ఇప్పపూల అప్పాలు. ఎండబెట్టిన ఇప్పపూలు దంచి, రాగిపిండిలో కలిపి, తేనె పోసి ముద్ద చేసి మూకుట్లో వేసిందంటే, కొండ అవతల ఉన్నవాళ్ళకు కూడా ఇటువైపు ఏదో పని గుర్తొచ్చేది. మంగతాయి ఎవరినీ కాదనేది కాదు. ఎవరైనా 'మంగతాయిది పెద్ద చెయ్యి' అంటే చాలు, ఆ రోజంతా ఆ చేతిని తనే తిప్పి తిప్పి చూసుకునేది.

ఆవిడ ప్రాణస్నేహితురాలు గూడబాతు వరాలు. గూడబాతంటే ముక్కు కింద పెద్ద సంచీ వేలాడే పిట్ట. వరాలు ఏటా చలికాలం ముందు ఆ అడవి చెరువుకు వచ్చి, చెట్టు మీద గూడు కట్టి, పిల్లల్ని చేసి, తొలకరికి ముందే ఎగిరిపోయేది. ఆవిడకు ఒక మరువం కుండీ ఉంది. ఆ మరువం వాళ్ళ అమ్మమ్మకు అమ్మమ్మ నాటినది. మొక్క ముసలిదైనప్పుడల్లా ఒక కొమ్మ తుంచి మళ్ళీ నాటుకుంటూ ఇన్ని తరాలు కాపాడుకొచ్చారు. గూట్లో గుడ్డు పగిలి పిల్ల బయటికి రాగానే పక్కన ఒక మరువం రెమ్మ పెట్టేవారు. పుట్టిన పిల్లకు లోకంలో మొదట తగిలే వాసన మరువం వాసనే కావాలని వాళ్ళ ముచ్చట. చేపల వాసన ఎలాగూ తర్వాత జన్మంతా ఉంటుంది కదా.

కిందటేడు వరాలు ఆ కుండీని ముక్కు సంచీలో పెట్టుకుని వెంట తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి మరువం దగ్గర బొమ్మిడాయి చేపల వాసన వచ్చింది. ఆ వాసన పోవడానికి చలికాలమంతా పట్టింది. అందుకని ఈసారి కుండీని మంగతాయి ఇంటికి తెచ్చింది. మంగతాయి గుమ్మంలో కుండీ అప్పటికి ఖాళీగానే ఉంది, దాన్ని జరిపి దీన్ని పెట్టారు. ఆవిడ ఇంట్లో మొక్కలు ఎందుకో నిలిచేవి కావు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఆవిడకు మాత్రం తెలియలేదు.

"వదినా, ఇది ఒక్కటే మొక్క. ఇది పోతే మా వంశంలో మరువం పోయినట్టే," అంది వరాలు. "నువ్వు చెయ్యాల్సిన పని ఒకటే. గోరు మట్టిలోకి దించి చూడు. గోటికి మట్టి అంటుకుని వస్తే నీళ్ళు వద్దు. శుభ్రంగా వస్తే ఒక్క చెంబు పొయ్యి."

"ఓస్, ఇంతేనా?" అంది మంగతాయి. "నిశ్చింతగా వెళ్ళిరా వదినా. నా కడుపున పుట్టినదానిలా చూసుకుంటాను."

వరాలు వెళ్ళిపోయింది. తొలకరి పడింది. బయట వాన మొదలైతే లోపల కూర్చోవాలనిపిస్తుంది, కూర్చుంటే ఏదైనా వేడిగా తినాలనిపిస్తుంది. అంటే అందరూ మంగతాయి ఇంటికే వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ చెంబు పుచ్చుకున్నారు, మరువానికి తొలిగుక్క పోశారు, ఆ తర్వాతే అప్పాల పళ్ళెం ముందు కూర్చున్నారు.

మంగతాయి మాట తప్పలేదు. ఒక ఉదయం గోరు మట్టిలోకి దించింది. గోరు కాదు, చెయ్యి మణికట్టు దాకా దిగబడింది. బయటికి తీస్తే బురద కారింది. ఈరోజు ఎవరినీ నీళ్ళు పోయనివ్వకూడదు అనుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో దుప్పి కామేశం నిలబడ్డాడు. ఆయన అడవికి పెద్ద. కొమ్ములు ఎంత పొడుగో మర్యాదల పట్టింపు అంతకు రెండింతలు. ఎవరింట్లోనో తనకు పీట వెయ్యడం ఆలస్యమైందని వాళ్ళతో మూడేళ్ళు మాట్లాడని మనిషి. మనిషి అన్నానా? దుప్పి. ఆయన చెంబు అందుకుని కుండీ వైపు తిరిగాడు. మంగతాయి గొంతులోకి ఒక మాట వచ్చింది. వచ్చి, అక్కడే కూర్చుంది. ఇంటికొచ్చిన పెద్దవాడి చేతిలో చెంబు లాక్కుంటే నలుగురూ ఏమంటారు? ఈ ఒక్కరోజుకు పోనీ అనుకుంది. కామేశం నీళ్ళు పోశాడు. కుండీ అడుగు కన్నంలోంచి నీళ్ళు కారి గచ్చంతా తడిసింది. ఆ తడి మీద ఆయన గిట్ట జారి, అంత పెద్దమనిషీ అప్పాల పళ్ళెంలో కూర్చున్నాడు.

మంగతాయికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఆయన వెళ్ళగానే తేనెపట్టు మైనం తెచ్చి కుండీ అడుగు కన్నం గట్టిగా మూసేసింది. ఇక గచ్చు తడవదు, చుట్టాలు జారరు. ఇంత తెలివి తనకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని కాసేపు మురిసిపోయింది కూడా.

నాలుగు రోజులు గడిచాయో లేదో, ఒక తెల్లవారి కుండీలో మరువం మొదట్లో ఏదో మెరిసింది. చూస్తే చిన్న గొడుగు. నిమ్మపండు పసుపు. సన్నని కాడ మీద ఠీవిగా నిలబడి ఉంది.

"పెద్దమ్మా, నమస్కారం. నీళ్ళు ఎక్కువయ్యాయి," అంది పుట్టగొడుగు.

మంగతాయి అదిరిపడింది. ఎవరు నువ్వు, ఎప్పుడొచ్చావు, నిన్నెవరు రమ్మన్నారు అని ఒకేసారి అడిగింది.

"నువ్వే రమ్మన్నావు," అంది పుట్టగొడుగు. "మట్టిలో ఎండుటాకులు నానబెట్టి, ఇంత తడి పెట్టి, కింద కన్నం కూడా మూసేశాక మా వాళ్ళను బొట్టు పెట్టి పిలిచినట్టే. నాకిక్కడ హాయిగానే ఉంది. మరువానికే హాయిగా లేదు."

మంగతాయికి ఒళ్ళు మండింది. ఆ మాట అబద్ధమైతే నవ్వి ఊరుకునేది. నిజం కావడంతో ఊరుకోలేకపోయింది. చేరిన పూటే ఇంటావిడకు సుద్దులు చెబుతావా అని గొడుగును పుటుక్కున విరిచేసింది. గుమ్మంలో కామేశం గిట్టల చప్పుడైంది. పారేసే వ్యవధి లేక ఆవిడ దాన్ని చంకలో దోపుకుంది. ఆ పసుపేమిటమ్మాయ్ అని ఆయన అడిగితే, శుక్రవారం కదా, ఒంటికి పసుపు రాసుకున్నానంది. ఎలుగుబంటి ఒంటికి పసుపు ఎక్కడ రాసుకుంటుందో ఆయన పాపం చాలాసేపు ఆలోచించాడు.

మర్నాడు పొద్దున్న కుండీలో గొడుగులు గుంపుగా లేచాయి.

"నిన్ననే కదా విరిచేశాను నిన్ను," అంది మంగతాయి.

"నువ్వు విరిచింది గొడుగు పెద్దమ్మా. గొడుగు పట్టినదాన్ని నేను కిందే ఉన్నాను," అంది పుట్టగొడుగు మట్టిలోంచి. "మట్టి ఆరితే నేనే పోతాను. ఆరకపోతే నువ్వు ఎన్ని విరిచినా వస్తాను. నీళ్ళు ఎక్కువయ్యాయి."

ఆవిడ వాటినీ విరిచేసింది. మూడోనాడూ అంతే. పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చేముందు గొడుగులు విరిచి పెరట్లో పారెయ్యడం ఆవిడకు ఒక పనైపోయింది. అంత పని రోజూ చేసే బదులు నలుగురికీ ఒక్క మాట చెప్పేస్తే పోయేది. కానీ వెయ్యి గొడుగులు విరవడమైనా ఆవిడ చేతికి తేలికే, ఒక్క 'వద్దు' అనడం ఆవిడ నోటికి బరువు.

ఒకరోజు ఆవిడకు పొద్దెక్కేదాకా మెలకువ రాలేదు. లేచి చూస్తే కుండీ ముందు నక్క సన్యాసి గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్యాసి పేరుకే సన్యాసి. తిండి దగ్గర అంత సంసారి ఇంకొకడు లేడు.

"ఇంత భాగ్యం ఇంట్లో పెట్టుకుని దాచావా అక్కా?" అన్నాడు సన్యాసి. "రాజుకు ఒక గొడుగు పడతారు. ఊరేగే దేవుడికి ఒక గొడుగు పడతారు. నీ మొక్కకు ఇన్ని బంగారు గొడుగులు పట్టారంటే నువ్వు మామూలు ఎలుగువి కాదు."

మంగతాయి ఆ మాట వినగానే తన చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. పెరట్లో పారేసిన గొడుగులన్నీ గుర్తొచ్చి, అయ్యో అనుకుంది కూడా. సన్యాసి అక్కడితో ఆగలేదు. ఈ విషయం అడవికి చాటే భారం తనదేనన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపితే గొడుగులకు కోపం వస్తుందనీ, తలా రెండు అప్పాలు పెట్టాలనీ, చాటినవాడికి నాలుగు అనీ చెప్పాడు.

ఇక చూడండి సంబడం. పొద్దున్న మొదలైతే దీపాల వేళ దాకా జనం. కుందేళ్ళు పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చాయి. ముంగిసలు కొత్త కోడలితో వచ్చాయి. ఎన్నడూ ఇల్లు కదలని తాబేలు మామ్మ కూడా బయల్దేరిందన్నారు, దారిలో ఉందన్నారు. ఒక కోతి గొడుగులు వేపుడుకు బాగుంటాయని చెయ్యి చాపింది. నన్ను తింటే కడుపు పట్టుకుని కొండ మీంచి కిందిదాకా దొర్లుతావు అని పుట్టగొడుగు చెప్పింది. కోతి చెయ్యి వెనక్కి తీసి, వీపు గోక్కోవడానికే చాపినట్టు నటించింది. వచ్చినవాళ్ళందరూ మంగతాయిని 'గొడుగులమ్మ' అన్నారు. అందరూ చెంబు పుచ్చుకుని మరువానికి తొలిగుక్క పోశారు. ఆ రోజుల్లో ఆ కుండీలో పడినన్ని నీళ్ళు చెరువులో కూడా పడి ఉండవు.

నీళ్ళు పోయకండి, చాలు, ఇక చాలు అని పుట్టగొడుగు అరుస్తూనే ఉంది. అందరూ విన్నారు. విని నవ్వుకున్నారు. ఆ అడవి మర్యాదేమిటంటే, చుట్టం చాలన్నాక ఇంకో అప్పం వెయ్యాలి. వద్దు వద్దని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచైనా వెయ్యాలి. వద్దన్న మాటను నమ్మి ఊరుకున్నవాణ్ణి పిసినారి అంటారు.

"ఎంత వినయమో చూశారా?" అన్నాడు సన్యాసి నోటి నిండా అప్పంతో. "మొహమాటపడుతున్నారు. ఇంకొంచెం పొయ్యండి."

ఇంకొంచెం పోశారు.

మరువం ఆకులు మొదట వాలాయి. ఆ తర్వాత పసుపెక్కాయి. మంగతాయి సన్యాసిని పక్కకు పిలిచి చూపించింది. వాడు ఆకును అటూ ఇటూ తిప్పాడు. బంగారు గొడుగుల నీడన ఉన్నాక మొక్కకు కూడా బంగారం పట్టదా అన్నాడు. నమ్మదగిన మాట కాదని మంగతాయికి తెలుసు. అయినా నమ్మితే సుఖంగా ఉంటుందనిపించి నమ్మింది. మనకు మాత్రం ఇలాంటి నమ్మకాలు లేవూ?

ఒక మధ్యాహ్నం జనం కాస్త పలచబడ్డారు. ఆవిడ కుండీ పక్కన కూలబడి విసురుకుంటోంది. పుట్టగొడుగు ఈసారి అరవలేదు. మెల్లగా మాట్లాడింది.

"పెద్దమ్మా, మా జాతి బతికున్నదాన్ని ముట్టదు. చచ్చినదే మా తిండి. ఇన్నాళ్ళూ నీ కుండీలో ఎండుటాకులు తిన్నాను," అంది. "నిన్నటి నుంచి వేళ్ళు తింటున్నాను."

మంగతాయి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. మరువం వేళ్ళు. వరాలు అమ్మమ్మకు అమ్మమ్మ నాటిన మరువం వేళ్ళు. ఇప్పుడే లేచి, కన్నం తెరిచి, గుమ్మానికి అడ్డంగా నిలబడాలని ఆవిడ మనసు చెప్పింది. అదే సమయానికి బయట కొత్త గుంపు వచ్చి, గొడుగులమ్మకు జయమంటూ కేకలు పెట్టింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. లేచి నిలబడింది. గుమ్మం దగ్గరికి కాదు, మూకుడు దగ్గరికి వెళ్ళింది.

తప్పు అప్పుడు జరిగింది పిల్లలూ. తెలిసీ తెలియక చేసింది ముందు చేసినదంతా. తెలిసి చేసింది ఇది.

వానలు వెనకబట్టాయి. ఒక తెల్లవారి తీతువు పిట్ట ఎగురుకుంటూ వచ్చి, వరాలు చెరువులో దిగిందనీ, కాళ్ళూ రెక్కలూ కడుక్కుని పూట గడవకముందే వస్తుందనీ చెప్పిపోయింది. ఆ రోజే సన్యాసి గొడుగుల జాతర పెట్టాడు. కొండ అవతల అడవులకు కూడా పిలుపులు వెళ్ళాయి. ఇంకా పొయ్యి వెలిగించలేదు. ఇంట్లో అప్పాల వాసన లేదు. ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లు వాసన వేసింది.

మంగతాయి మరువం మీదికి వంగి ఊపిరి పీల్చింది. ఎలుగుబంటి ముక్కు మామూలు ముక్కు కాదు. రెండు కొండల అవతలి తేనెపట్టును పసిగడుతుంది. ఆ ముక్కుకు మరువం వాసన రాలేదు. నానిన గోనెపట్టా వాసన వచ్చింది. వానాకాలమంతా ఇంత దగ్గర్లో ఉండి, ఇంత ముక్కు పెట్టుకుని, అప్పాల వాసన చాటున ఇది తెలుసుకోలేకపోయాను కదా అనుకుంది. కూర్చుని ఏడ్చింది. ఎలుగుబంటి ఏడిస్తే చిన్నగా ఉండదు, పెంకులు కదిలాయి.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అని పుట్టగొడుగును అడిగింది. దాన్ని ఆవిడ ఒక మాట అడగడం అదే మొదటిసారి.

"మొదటి రోజు చెప్పిందే," అంది పుట్టగొడుగు.

బయట డప్పులు వినిపించాయి. జాతర గుంపు గుమ్మం దాకా వచ్చేసింది. ముందు కామేశం, కొమ్ములకు బంతిపూల దండలు చుట్టుకుని. పక్కన సన్యాసి, అప్పాల కోసం పెద్ద బుట్ట పట్టుకుని. వెనక ఎన్ని తలలో ఎన్ని తోకలో. ప్రతివాళ్ళ చేతిలో ఇంటి దగ్గర నింపుకొచ్చిన చెంబు. మంగతాయి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ నిలబడితే గుమ్మంలో ఇంకొక చీమకు కూడా చోటుండదు.

"వద్దు," అంది.

కామేశం నవ్వాడు. ఆయనకు మర్యాదలు తెలుసు కదా, వద్దంటే పొయ్యమని అర్థం. చెంబు పట్టుకుని ముందుకొచ్చాడు. మంగతాయి ఆ చెంబు పట్టుకుంది. ఆయన లాగాడు. ఆవిడ వదల్లేదు.

"మొహమాటానికి అనలేదు బాబాయ్. వద్దనే అన్నాను," అంది. "మీరు పోసే నీళ్ళకు నా స్నేహితురాలి మొక్క చచ్చిపోతోంది. ఆ సంగతి తెలిసీ మీ చేత పోయించాను. మీకు కోపం వస్తుందని భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. అయినా వద్దు."

కామేశం చెంబు వదిలేసి, బంతిపూలు తెంపి అక్కడే పారేసి, ఇది ఇల్లు కాదు అని తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే అందరూ వెళ్ళారు. సన్యాసి మాత్రం నిలబడి, జాతర లేకపోతే పోనీ, అప్పాలైనా ఉన్నాయా అక్కా అని అడిగాడు. లేవంది. ఒక్క పొద్దుటిపూట రెండోసారి కాదనేసరికి ఆవిడకు కాదనడం కాస్త అలవాటైంది. సన్యాసి బుట్ట బోర్లించి నెత్తిన పెట్టుకుని, ఈ అడవిలో భక్తి తగ్గిపోయిందని గొణుక్కుంటూ పోయాడు.

మంగతాయి కుండీని ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళింది. గోటితో మైనం పొడిచింది. నల్లటి నీళ్ళు బుడబుడమని కారాయి, కారుతూనే ఉన్నాయి. మొక్కను మెల్లగా బయటికి తీసింది. వేళ్ళు చేతిలో పిండిలా చితికాయి. ఒక్కొక్క కొమ్మే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోనెపట్టా. మళ్ళీ గోనెపట్టా. ఆఖరికి అంచున ఉన్న ఒక చిన్న రెమ్మ దగ్గర, ఉందా లేదా అన్నట్టు, మరువం. దాన్ని తుంచి, పగిలిన మూకుడు చిప్పలో ఇసుకా పొడిమన్నూ కలిపి నాటింది. చేతులు కడుక్కోకుండా అక్కడే కూర్చుంది.

వరాలు వచ్చి పెరట్లో దిగేసరికి ఆవిడ అలాగే ఉంది. వదినా, ముందు కూర్చో, తర్వాత తిట్టు అని జరిగిందంతా చెప్పింది. గోరు దించి చూడటం, మైనం, గొడుగులు, జాతర, మూకుడు దగ్గరికి వెళ్ళిన ఆ మధ్యాహ్నం, ఏదీ దాచలేదు. వరాలు ముక్కు సంచీ ఉబ్బి ఉబ్బి వణికింది. కుళ్ళిన వేళ్ళను ఒకసారి ముక్కుతో తాకి వదిలేసింది.

"నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇప్పట్లో పోదు కూడా," అంది చివరికి. "ఎవరినీ కాదనని మనసని నీకు అప్పగించాను. ఎవరినీ కాదనలేనిదాని దగ్గర ఏదీ నిలవదని నాకూ తెలియలేదు."

ఆ తర్వాత చిప్ప దగ్గరికి వచ్చి ముక్కు కొన మట్టిలోకి దించింది. పైకి తీసి చూసుకుంది. శుభ్రంగా వచ్చింది. ఇప్పుడు పొయ్యి, కొంచెమే అంది. మంగతాయి చెంబు తెచ్చింది. చెయ్యి వణికి సగం నీళ్ళు నేల మీదే పోయాయి. ఆ వణుకు వల్లే రెమ్మకు సరిపడా పడ్డాయి.

కొన్నాళ్ళ పాటు మంగతాయి ఇంటికి ఎవరూ రాలేదు. ఒక్క తాబేలు మామ్మ వచ్చింది, పాపం ఆవిడ జాతరకని బయల్దేరి అప్పటికి చేరింది. చలి ముదిరి అప్పాల వాసన మళ్ళీ కొండ దాటేసరికి ఒక్కొక్కరే గుమ్మంలో తొంగిచూశారు. అందరికంటే ఆఖరున కామేశం వచ్చాడు. వరాలు గూట్లో గుడ్లు పగిలే వేళకు రెమ్మకు పిడికెడు ఆకులు కూడా లేవు. పిల్ల దగ్గర రెమ్మ పెట్టడానికి వీల్లేక ఒక్క ఆకు పెట్టారు. పిల్ల దాన్ని వాసన చూసి తుమ్మింది. వరాలు నవ్వింది. మంగతాయి ఆ చెట్టు కింద నిలబడి, ఆ నవ్వు కోసమే చూస్తోంది.

ఇప్పుడు ఆ అడవిలో ఆచారం కాస్త మారింది. చుట్టం వచ్చి చెంబు పుచ్చుకున్నాక ముందు మట్టి చూస్తాడు. మట్టి పొడిగా ఉంటే మొక్కకు తొలిగుక్క, తడిగా ఉంటే ఆ గుక్క కూడా తనదే. గోళ్ళున్నవాళ్ళు గోరు దించుతారు. కామేశానికి గిట్టలు కాబట్టి ముక్కు పెడతాడు. మట్టి ముక్కులోకి పోయి తుమ్మి, ఇది కూడా పెద్దలు పెట్టిన ఆచారమే అంటాడు. పెద్దాయన కదా, ఎవరూ కాదనరు.

మరుసటి వానాకాలం ఒక పొద్దున్న మంగతాయి కుండీలో నిమ్మపండు రంగు గొడుగు ఒకటి లేచింది. అప్పుడే వచ్చిన ముంగిసల కోడలు చూసి, పీకేస్తానుండు అత్తా అని చెయ్యి చాపింది.

"వద్దమ్మా," అంది మంగతాయి. పీట లాక్కుని కుండీ ముందు కూర్చుని, మట్టిలోకి గోరు దించింది. "పాపం ఎంత దూరం నుంచి వచ్చిందో. ముందు ఏం చెబుతుందో విందాం."

నీతి: గొడుగు విరిచేస్తే వాన ఆగదు. తప్పు చెప్పిన నోరు మూయిస్తే తప్పు పోదు.